పెద్దాయన ఆగినచోట

కొత్త గిటారిస్టు మంచినీళ్ళకని బయటికి వెళ్ళగానే, బావ తన బేస్ గిటారును గోడకానించేశాడు. "ఇక నేనీ జాజ్ బృందంలో ఉండను."

"ఏం? కొత్తాయన వేళ్ళు వానలా కురుస్తున్నాయిగా!" అన్నాడు డ్రమ్ములు వాయించే బావమరిది.

"వంక పెట్టడానికేం లేదు. నాకే దూరే సందు లేదు. మన పాత గిటారిస్టు, పోయిన పెద్దాయనైతే నాలుగు స్వరాలు పలికించి ఆగిపోయేవాడు. వేళ్ళు సాగట్లేదు పాపమని, ఆ ఖాళీ నేను నింపి ఇన్నేళ్ళూ ఆయన పరువు కాపాడాను."

"సాగకపోవడమేంటి బావా? నువ్వు రాని రోజున ఆపకుండా వాయించి మమ్మల్ని ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు. నీ కోసమే ఆగేవాడు."

బావ విసురుగా అతని వైపు తిరిగాడు. "ఆయనుండగా చెప్పి చావచ్చుగా?"

"వద్దన్నాడు. తెలిస్తే నీ చెయ్యి ముడుచుకుపోతుందన్నాడు."

కొత్తాయన తిరిగొచ్చి పాట ఎత్తుకున్నాడు. బావ గిటారు అందుకున్నాడు గానీ, ఒక్క తీగా మీటలేకపోయాడు.