తునికాకు బండి ఎడ్లు

కామారెడ్డి బీడీల కార్ఖానాలో ఆడవాళ్లు ఖాళీ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎల్లారెడ్డి అడవి నుంచి పొద్దున్నే రావలసిన తునికాకు బండి మధ్యాహ్నం దాటాక వచ్చింది.

పాత బండివాడు కల్లు తాగి ఆలస్యం చేస్తున్నాడని తీసేసి, కల్లు వాసనే గిట్టని మైసన్నను పెట్టుకున్నాడు యజమాని రాజిరెడ్డి పటేలు. అయినా ఇదే వరస.

"నువ్వు గూడ లింగంపేట కల్లు దుకాణం కాడ ఆగినవా?"

"నేను ఆగలే పటేలా, ఎడ్లు ఆగినయి. ఆడికి రాంగనే బాట దిగి చెట్టు కింద నిలవడ్తయి. కొట్టినా కదలయి. ఓ మనిషి కడుపునిండ తాగి లేచేంత సేపు చూసి, వాటంతట అవే బయలెల్తయి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. పటేలుకు ఒళ్లు మండింది.

"వాటికి గా అలవాటు చేసినోణ్ణి పట్కరా! చెర్నాకోలతోని వీపు చీరేస్త!"

మైసన్న చెర్నాకోలను భద్రంగా పటేలు చేతిలో పెట్టాడు.

"నీ బాంచెన్ పటేలా, మోటారు కారు కొన్నంక, నువ్వెక్కి తిరిగిన కచ్చరం ఎడ్లనే గద ఈ బండికి కట్టుమన్నవు!"