గోల లేని కార్డు

"బొమ్మ చూడండి సార్, ఎక్కడైనా తడబడుతోందా? ఈ రేటులో ఇంతకన్నా మంచి గ్రాఫిక్స్ కార్డు ఎవడైనా ఇస్తే నేను షాపు మూసేస్తా!"

బస్సు డ్రైవరు తెర వంక చూడనే లేదు. డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా వచ్చాడు. బల్ల మీద విప్పి పెట్టిన కంప్యూటరు పక్కకి చెవి వంచి, ఇంజను వింటున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు కూడా చప్పుడు ఇంతేనా?"

"ఇంతే."

"దీన్ని ఒకసారి ఆ లోపలి గదిలో పెట్టి తలుపేస్తారా? నేను బయట నుంచుని వింటాను."

షాపాయన రకరకాల శాల్తీలను చూశాడు. కార్డును వాసన చూసినవాడున్నాడు, తూకం వేయించినవాడున్నాడు. తలుపు చాటు పరీక్ష మాత్రం ఇదే మొదలు. బేరాల్లేని పూట కాబట్టి, విసుక్కుంటూనే సామాను లోపలికి మోశాడు.

డ్రైవరు తలుపుకు చెవి ఆనించాడు. ముఖం వాడిపోయింది.

"ఇది వద్దండీ. ఇంకోటి చూపించండి."

షాపాయనకు విషయం అర్థమైపోయింది. "మీవాడు రాత్రంతా ఆడతాడు. ఆ ఫ్యాను రొదకి మీకు నిద్ర పట్టదు. అంతేగా?"

"నిద్ర లేదండీ మాకు," అన్నాడు డ్రైవరు. "పాత కార్డు పొద్దున్నే కాలిపోయింది. చీకటి పడేలోపు ఇంకోటి పట్టుకెళ్లకపోతే మా ఆవిడ ఏమైపోతుందో."

అంతలో ఆవిడే ఫోన్ చేసింది. గొంతు షాపంతా వినపడింది.

"దొరికిందా? మంచినీళ్ల వంకతో ఇప్పుడే తలుపు తీశాను. కసిరి పంపేశాడు. ఇంకెన్నిసార్లని వెళ్లను? నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదండీ, త్వరగా రండి."

పిల్లాణ్ణి బాగానే నెత్తికెక్కించుకున్నారు అనుకున్నాడు షాపాయన. పైకి అనలేదు. కొనేవాడికి నీతులు చెబితే కొట్టు నడవదు. ఇంకాస్త మెత్తగా తిరిగే ఫ్యాన్ ఉన్న కార్డు బిగించాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. దానికన్నా మెత్తనిది బిగించాడు. ఈసారి తలుపు దగ్గర డ్రైవరుకు ముచ్చెమటలు పోశాయి.

"వినపడితే ఒట్టు!" పొంగిపోయాడు షాపాయన.

"మా తలుపు దీనికన్నా మందమండీ. ఈమధ్యే కొత్తది పెట్టించాం. గడియ మాత్రం పెట్టించలేదు."

"ఇంకేం! ఈ కార్డుతో ఆ గదిలో మనిషున్నాడో లేడో కూడా మీకు తెలీదు."

డ్రైవరు కుర్చీలో కూలబడ్డాడు. అంత మనిషికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి, బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె వైపు వేలు చూపించాడు.

"అందులో ఉన్నవేంటండీ?"

"అవి మీకు పనికిరావు. బొమ్మకి ఢోకా లేదు గానీ, ఫ్యాను అచ్చం పిండిమరే. ఇరుగుపొరుగు కొట్లాటకొస్తారు."

"ఆట ఆపేస్తే?"

"మోతా ఆగిపోతుంది. మనిషి ఆడుతున్నంతసేపే."

"అదివ్వండి."

"నా మాట వినండి సార్, కొరివితో తల గోక్కోవడమే అది."

డ్రైవరు అప్పటికే కార్డును సంచిలో వేసుకున్నాడు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాడు. మూసిన తలుపు ముందు కార్డు పెట్టి, మెల్లగా పిలిచి, వెనక్కి జరిగాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి కార్డు తీసుకుంది. పక్కనున్న అన్నం కంచాన్ని ముట్టుకోలేదు. తలుపు మళ్లీ మూసుకుంది.

డ్రైవరు వెళ్లి, పొద్దుటి నుంచీ అక్కడే నేల మీద కూర్చున్న భార్య పక్కన చతికిలబడ్డాడు. ఇద్దరూ తలుపు వైపు చెవులు రిక్కించారు.

ఉన్నట్టుండి లోపల పిండిమర మొదలైంది. పై అంతస్తు వాళ్లు తిట్టుకుంటూ కిటికీలు ధడాలున మూసుకున్నారు. ఆవిడ మాత్రం భర్త భుజం మీద తల వాల్చి, కూర్చున్నచోటే నిద్రపోయింది.

ఆమధ్య ఒక మధ్యాహ్నం పాత కార్డు గోల ఉన్నట్టుండి ఆగిపోబట్టే, పాత తలుపు బద్దలుకొట్టి, కొనఊపిరితో ఉన్న కొడుకును దక్కించుకోగలిగారు వాళ్లిద్దరూ.