అరవై ఒకటో పేజీలో గీత

"ఈ నాలుగు పేజీలూ పీకేస్తేనే సంతకం," అన్నాడు గైడు, పెన్ను మూత తియ్యకుండానే.

పెద్దక్క బల్లకు ఇవతల నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళ వయసులో అకౌంటింగు చదవడానికి వచ్చిందని క్లాసు పిల్లలు పెట్టిన పేరది. ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు ఇవ్వడానికి ఆ సాయంత్రం అయిదింటి దాకానే గడువు. గైడు సంతకం పడకపోతే ఇంకో ఏడాది ఆగాలి. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

ప్రాజెక్టంటే బ్రహ్మవిద్యేం కాదు. ఏదో ఒక కంపెనీ వార్షిక నివేదిక తీసుకుని, లెక్కలు నియమాల ప్రకారం చూపించారో లేదో విడమర్చి రాయాలి. పిల్లలంతా ఫోన్ల కంపెనీలూ కార్ల కంపెనీలూ పంచుకున్నారు. పెద్దక్క మాత్రం పైపులు తయారుచేసే ఫ్యాక్టరీ పుస్తకం పట్టుకొచ్చింది. అదీ మూడేళ్ళ కిందటిది. పది షేర్లు ఉన్నందుకు ఏటా తపాలాలో ఇంటికే వచ్చి పడుతుంది. నూట నలభై ఎనిమిది పేజీలు. ఎన్నిసార్లు చదివిందో నలిగిన మూలలే చెబుతున్నాయి.

"మిగతాదంతా బ్రహ్మాండంగా రాశావమ్మా," అన్నాడు గైడు. "ఇక్కడికొచ్చేసరికి బండి పట్టాలు తప్పింది. కంపెనీ ఒక ఖర్చును దాచిపెట్టిందంటావా! ఎంత మాట!"

"దాచింది సార్. అరవై ఒకటో పేజీ చూడండి. 'పరిహారాల చెల్లింపు' అన్న పద్దు. అంతకుముందు ఏడాదికి మూడు అని ఉంది. ఆ ఏడాదికి గీత గీసి ఊరుకున్నారు, ఏమీ ఇవ్వనట్టు."

"ఇవ్వలేదేమో."

"ఇచ్చారు సార్. పదకొండు లక్షలు."

"నీకెలా తెలుసు?"

"ఆ చెక్కు బ్యాంకులో వెయ్యడం చూశాను."

"ఓహో, బ్యాంకులో చేసేదానివా?" గైడు గొంతు తగ్గించాడు. "అలాంటివి బయటపెట్టకూడదమ్మా. ఉద్యోగానికే ఎసరు."

ఆమె ఆ పేజీ తెరిచి పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపింది.

గైడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పుస్తకాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలున్నాయి. పైకి చదివాడు.

"'లెక్కలన్నియు కోట్లలో. యాభై లక్షల లోపు మొత్తముల వద్ద గీత ఉంచబడినది.' చూశావా? గీత అంటే లేదని కాదు. ఉంది. మరీ చిన్నది కాబట్టి కనపడదు, అంతే."

పెద్దక్క వంగి చూసింది. పుస్తకమంతా భూతద్దం పెట్టి వెతికిన మనిషి ఆ ఒక్క వాక్యాన్ని ఎలా వదిలేసిందో ఆమెకే అర్థం కాలేదు.

"అయితే రాశారా సార్?"

"శుభ్రంగా రాశారు. తప్పు పట్టడానికి వెంట్రుకవాసి సందు లేదు. నాలుగు వందల కోట్ల కంపెనీకి పదకొండు లక్షలు ఒక లెక్కా? ఏ లారీ వాడికో, సరుకు పాడైన ఏ దుకాణం వాడికో ఇచ్చుంటారు. గోరంతను కొండంత చెయ్యకు. చదివేవాడి నిర్ణయాన్ని మార్చనంత చిన్నదైతే విడిగా చూపించక్కర్లేదని మొదటి సెమిస్టర్లోనే చెప్పానుగా?"

"చెప్పారు సార్. పరీక్షలో కూడా ఇచ్చారు."

"రాశావా?"

"రాశాను. రెండుకి రెండు వేశారు."

గైడు పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది గానీ ముఖం కదల్లేదు. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. మూడేళ్ళుగా ఆమెకు ఏదీ రావడం లేదు.

క్లిప్పు తీసి, నాలుగు పేజీలూ లాగి, మడిచి సంచిలో పెట్టుకుంది. మిగిలిన పేజీల మీద అంకెలు పెన్నుతో దిద్దింది. గైడు సంతకం చేశాడు.

"ఇంత ఉడుంపట్టు ఉన్నదానివి, మంచి ఆడిటరువవుతావు పో," అన్నాడు మెచ్చుకోలుగా.

అయిదింటికి పది నిమిషాలుందనగా ఆఫీసు కిటికీలో గుమాస్తా ముద్ర కొట్టాడు. ఆమె బస్సెక్కింది. కిటికీ పక్కనే సీటు దొరికింది గానీ బయటికి చూడాలనిపించలేదు.

నిజానికి ఈ చదువు అత్తగారి పట్టుదల. ఆ పుస్తకం తపాలాలో వచ్చిన రోజు అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని పేజీలు తిప్పితిప్పి, ఒక్క ముక్కా అర్థంకాక తల బొప్పి కట్టించుకున్నారు. "వీళ్ళ రాత చదవడం నువ్వు నేర్చుకో అమ్మాయ్. బ్యాంకులో ముట్టుకోకుండా పెట్టిన ఆ ఫ్యాక్టరీ డబ్బుందిగా, ఫీజు కట్టెయ్," అంది ఆవిడ. ఈ వయసులో చదువేమిటని నసిగితే, వినిపించుకోలేదు.

ఇవాళ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"సంతకం పడిందా?"

"పడింది అత్తయ్యా."

"అది సరే. దొరికిందా?"

"దొరికింది."

అత్తగారు పక్కకు జరిగి దారిచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు.

"అయితే రాశారన్నమాట."

"రాశారు. మనమే చూసుకోలేదు."

"ఏదీ, చూపించు."

పెద్దక్క సంచిలోంచి పుస్తకం తీసి, అరవై ఒకటో పేజీ తెరిచి వేలు పెట్టింది. అత్తగారు తలవంచి చాలాసేపు చూసింది.

"ఈ గీతేనా?"

"అదే."

"ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా. వాళ్ళ లెక్కలో ఇంతకన్నా పెద్దగా రాయడానికి వీల్లేదట."

అత్తగారు చూపుడువేలి కొసతో కాగితాన్ని మెల్లగా తడిమింది. చేతికేమీ తగల్లేదు. అయినా వేలు తియ్యలేదు.

ఆ గీత ఆవిడ కొడుకు.