ఇంటిచూపులు

"ఈ మంచం కూడా ఇంటితోపాటు ఇస్తారా?"

ఆ గొంతు విని ఆమె ఉలిక్కిపడింది. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళ మధ్య ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇళ్ళను సామానుతో ముస్తాబు చేయడం ఆమె పని. సామాను చాలనప్పుడల్లా సొంత ఇంట్లోంచి తెచ్చి సర్దేస్తోంది. మొదట సోఫా తెచ్చింది, తర్వాత భోజనాల బల్ల. నిన్న మంచం.

"ఇవ్వమండీ," అంది, బ్రోకరు వింటున్నాడని పరాయిదానిలా. "ఇక్కడ ఎవరూ ఉండరు. ఉన్నట్టు కనిపించడానికే ఇవన్నీ."

"మా ఇల్లు దీనికి తలకిందులు. ఇద్దరం ఉంటాం. ఎవరూ లేనట్టుంటుంది."

బ్రోకరు నవ్వాడు. "అయితే మీ ఇల్లు కూడా ఈవిడ చేతిలో పెట్టండి సార్."

"పన్నెండేళ్ళ క్రితమే పెట్టానండీ."

ఆమె పరుపు మీది దుప్పటి తీసి మడిచింది.

"దీన్ని మేం పట్టుకెళ్ళిపోతున్నాం," అంది బ్రోకరుతో. భర్త వైపు తిరిగి, "మీరు ఆ చివర పట్టుకోండి," అంది.

బ్రోకరు నోరు తెరుచుకుని చూస్తుండగా, మంచాన్ని గుమ్మంలోంచి ఎటు వంచి తీయాలన్న దాని మీద ఇద్దరూ పోట్లాటకు దిగారు. వాళ్ళు అంతసేపు మాట్లాడుకుని మూడు నెలలైంది.