పింఛం రాలాక ఎంపిక

ఆ అడవిలో ప్రతి జాతీ ముందు తనలోంచి ఒక అభ్యర్థిని ఎంచుకునేది. తర్వాత ఆ అభ్యర్థుల్లోంచి అడవి పెద్దను అందరూ కలిసి ఎన్నుకునేవారు. నెమళ్ల ఎంపిక వానాకాలంలో జరిగేది. వన్నెలయ్య అనే మగనెమలి పురి విప్పేవాడు, అంతే, ఏటా అతనే అభ్యర్థి.

ఈ ఏడు అడవి సభ కొత్త చట్టం చేసింది. వానహోరులో ఎవరి మాటా వినబడటం లేదు కాబట్టి ఎంపికలన్నీ ఇకమీదట వానలు వెలిశాకే జరగాలంది. అప్పటికి మగనెమళ్ల పింఛాలు రాలిపోతాయన్న సంగతి సభలోని కొంగలకి తట్టనే లేదు.

ఎంపిక రోజున వన్నెలయ్య బోడి తోకతోనే గుట్టెక్కాడు. అలవాటు కొద్దీ పురి విప్పబోయాడు. నాలుగు ఈకలు లేచాయి. కుర్ర నెమళ్లు కిసుక్కుమన్నాయి.

"నవ్వింది చాల్లే," అంది ముసలి నెమలి గోగమ్మ. "ఒరే నాయనా, ఎండల్లో వాగు ఎండిపోతే పిల్లలకి నీళ్లెక్కడివిరా?"

ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"నాకు తెలీదు పిన్నీ," అన్నాడు. "రేపు వెళ్లి వెతికొస్తాను. పింఛం లేదుగా, ఏ పొదలోకైనా దూరగలను."

గోగమ్మ అతన్ని తేరిపార చూసింది.

"నీ మొహం ఇలా ఉంటుందట్రా," అంది. "ఇన్నాళ్లూ చూడనే లేదు."