ఉమ్మడి దిబ్బ

ఎరువు దిబ్బలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చురుక్కుమనేసరికి లాక్కున్నాడు పెద్దోడు.

"ఇంకా కాగుతూనే ఉందేంట్రా? నెల కిందటే మాగాల్సింది."

తమ్ముడు పార కర్ర మీద గడ్డం ఆనించి నేల చూపులు చూశాడు.

"ఇంకో పదిహేను రోజులు ఆగన్నా. చలి తగ్గనీ."

"నేలలో తడి ఆగుతుందా నీ కోసం? నాలుగు రోజులు. ఆ తర్వాత విత్తినా పిట్టలకే."

అన్నదమ్ములిద్దరికీ కలిపి రెండు ఆవులు. కొట్టం తమ్ముడి ఇంటి వెనక ఉంది కాబట్టి పశువులు అక్కడే ఉంటాయి. పేడ, కసువు, బూడిద, ఆవులు తినగా మిగిలిన చొప్ప అన్నీ ఒకే దిబ్బలో పడతాయి. చెరి సగం. ఒక్క పిడక కూడా చెయ్యకూడదని కట్టడి పెట్టింది పెద్దోడే. పేడంతా పొయ్యిలో తగలేస్తే చేనుకేం పెడతామని దెబ్బలాడి మరీ ఒప్పించాడు. అప్పటినుంచీ రెండిళ్ల ఆడవాళ్లూ గుట్ట దాకా పోయి ముళ్లకంప ఏరుకొస్తున్నారు. అది వంటకే బొటాబొటి.

అంత కట్టడి చేసినా ఏం లాభం? పెద్దోడి చేను రెండేళ్లుగా చచ్చిపడి ఉంది. మొలిచిన మొక్క మోకాలు దాటలేదు. మట్టి పిడికిట పడితే బూడిదలా జారిపోతోంది. ఈసారీ పండకపోతే ఊరొదలడమే. భార్య అప్పుడే ఏ గిన్నెలు మొయ్యాలో, ఏవి వదిలెయ్యాలో లెక్కపెట్టుకుంటోంది. చిన్నపిల్ల ఆకలికి ఏడవడం కూడా మానేసింది. ఇక ఉన్న ఆశల్లా ఆ సగం దిబ్బే.

దాన్ని తమ్ముడు ముట్టుకోనివ్వడు.

పోనీ తనైనా వాడుకుంటాడా అంటే, అదీ లేదు. ఏటా కొట్టం పక్క గోతిలో వేసేదాన్ని ఈ ఏడు తీసుకొచ్చి ఇంటి వెనక గోడకు ఆనించి పేర్చాడు. రోజూ పచ్చిపేడ కలుపుతాడు. పచ్చాకు కోసుకొచ్చి కుక్కుతాడు. నీళ్లు చల్లుతాడు. మాగబోయేదాన్ని మళ్లీ మొదటికి తెస్తాడు. "మీ తమ్ముడు దిబ్బను మాగేస్తున్నాడా, మేపుతున్నాడా?" అని పెద్దోడి భార్య ఒకటే దెప్పుతోంది.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే మొహాన చెప్పు," అన్నాడు పెద్దోడు.

తమ్ముడు ఏదో చెప్పబోయాడు. ఇంటి మలుపులో కర్ర చప్పుడు వినపడి ఆగిపోయాడు. ముందు వాకిట్లో ఎండకు కూర్చున్న తల్లి, గొడవ విని గోడ పట్టుకుంటూ వచ్చింది. తండ్రి పోయినప్పటినుంచీ ఆమె చిన్నోడి దగ్గరే, వెనక గదిలో ఉంటోంది.

"వాడి వాటా వాడికి ఇచ్చెయ్యరా చిన్నోడా. పిల్లలు గలవాడు."

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకునేదేముంది? ఈ పూటే ఇచ్చెయ్."

తమ్ముడు పార తీసుకుని దిబ్బకు అడ్డంగా నిలబడ్డాడు.

పెద్దోడి ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి న్యాయం చెప్పినా చెవికెక్కనివాడు తమ్ముడెలా అవుతాడు? మెడ పట్టి గెంటేద్దామనుకున్నాడు. తల్లి ముందు చెయ్యి లేవలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు.

మూడో రోజు తమ్ముడూ మరదలూ ఇటుకల పనికి పోయారని తెలిసింది. పొద్దున్నే తట్ట, పార తీసుకుని వెళ్లాడు. మబ్బు పట్టి ఈదురుగాలి కోస్తోంది. వాకిట్లో ఎవరూ లేరు.

తను దొంగ కాడు. ఒకరి సొమ్ము తనకక్కర్లేదు. పైనున్న పచ్చి ఎరువంతా పారతో ఇవతలకు లాగి, అది తమ్ముడి వాటా అని వేరే కుప్ప పోశాడు. గోడ వైపు అడుగున నల్లగా, మెత్తగా మాగినదుంది. అది తన వాటా. పార పడగానే గుప్పున ఆవిరి లేచింది.

తట్ట తర్వాత తట్ట. భుజం తోలు లేచింది. చేలో భార్య చేతులతోనే చల్లుకుంటూ పోయింది. ఒకచోట ఆగి పిడికెడు వాసన చూసి, చాలా రోజులకు నవ్వింది. రేపే విత్తుదామంది. గిన్నెల మాట ఎత్తలేదు.

పొద్దు వాలేసరికి గోడ వారన నేల కనిపించింది. చివరి తట్టకు అరచేతులతో ఊడ్చి ఎత్తాడు. ఒక్క క్షణం ఊపిరి తీసుకుందామని ఆ ఖాళీ గోడకు వీపు ఆనించి చతికిలబడ్డాడు. మట్టిగోడ ఇంకా గోరువెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ చలికి కొయ్యబారిన నడుము మెల్లగా సడలింది. కళ్లు మూతలు పడ్డాయి.

అప్పుడు గోడకు అవతల, సరిగ్గా అతని వీపు ఆనినచోటే, తల్లి గొంతు వణుకుతూ వినిపించింది: "గోడ చల్లారిపోతోందంటే అన్నకు వాటా ఇచ్చేసినట్టున్నావు, మంచిపని చేశావురా చిన్నోడా."