బీజింగ్‌లో స్వర్ణ మోచేయి

ఆ శుక్రవారం ఇంట్లో ఉన్నది ఆరుగురు. జలంధర్, అతని భార్య సుహాసిని, తల్లి రాములవ్వ, పిల్లలు ధాత్రి, మారుతి, ఇంకా స్వర్ణ. ఏడో మనిషి ఎదుటి ఫ్లాట్ సుర్రయ్యా. ఆమె ఆ ఇంటి మనిషి కాదు గానీ, చాయ్ వేళకు రాని రోజు లేదు.

ఆ రోజు మాత్రం సుర్రయ్యా చాయ్ కోసం రాలేదు. రుజువు కోసం వచ్చింది.

"రేపు పొద్దుగాల నా ఫ్లైటు. మెట్‌పల్లిల దిగంగనే మీ వాడకట్టోళ్లు నన్నే అడుగుతరు, స్వర్ణ నిజంగ చైనా పోయిందా అని. ఏం చెప్పాలె?"

"పోయిందని చెప్పు."

"నేను చూసిన్నా? ఒక్క ఫోటో చూపియ్యి. లేకుంటే ఖుదా కసమ్, నాకు తెల్వదనే చెప్త. నిన్ను గూడ తీస్కపోయిండ్రంటే నాకే నమ్మబుద్ధి అయితలేదు."

తప్పు స్వర్ణదే. పోయిన నెల బీజింగ్ నుంచి తిరిగొచ్చి గల్ఫ్‌లో వీళ్లుండే ఉమ్ ఘువైలినాలో సంచి దించిందో లేదో, ఊరికి ఫోన్ కలిపింది. చైనా గోడ చూసిన అంది. రాజు కోటలో తొమ్మిది వేల అర్రలు అంది. "దుబాయ్ పోయినామెకు చైనా ఎట్ల కనవడ్డది?" అని అవతల ఒకటే నవ్వు. ఊరోళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. ఆ రోజు నుంచి ఊళ్లో ఆమె పేరు కోతల స్వర్ణ.

ఆ పేరు పోగొట్టుకోవడానికి ఒక్క ఫోటో చాలు. స్వర్ణ ట్యాబ్ తెచ్చింది. ఎనిమిది వందల ఫోటోలు. ఇన్నింటిలో ఒక్క స్వర్ణ దొరకదా?

మొదట కోట. ఎర్రగోడలు, పసుప్పచ్చ పెంకులు, వాకిలి దాటితే ఇంకో వాకిలి. మధ్యలో జలంధర్, సుహాసిని, పిల్లలు. కుడివైపు అంచున ఒక మోచేయి.

"అగో, అదే నేను!"

"మోచెయ్యి మీద పేరు రాసి ఉందా?"

తర్వాత నీలం కప్పున్న గుండ్రటి గుడి. కింద రాతిబండల మీద పొడుగాటి నీడ.

"ఈ నీడ నాది."

"నీడకు రెండు తలకాయలేందే?"

"ఒకటి మారుతిది. ఎత్తుకున్న."

ఇనుప తీగలతో అల్లిన పక్షిగూడులా పెద్ద స్టేడియం. దాని ముందర నాలుగు సంచులు, ఒక గొడుగు. సంచుల వెనక నుంచి చెప్పు కొస.

"చెప్పు గూడ నీదేనా?"

"చెప్పు నాదే, సంచులు అందరియి."

చైనా గోడ వచ్చింది. కొండ మీద పాములా మెలికలు తిరిగిన గోడ. దాని పైన జలంధర్, సుహాసిని, పిల్లలు ఉన్నారు, స్వర్ణ లేదు.

"నువ్వేడున్నవ్?"

"కింద. అవ్వకు మోకాళ్లు నొప్పులైతే ఆమె దగ్గర కూసున్న. కిందికెంచి చూసినా గోడ గోడనే గద!"

సోఫాలోంచి రాములవ్వ అందుకుంది. "నిజమే బిడ్డా. నా కోసం ఆగింది పాపం. ఇద్దరం చెరొక మక్కకంకి తిన్నం. మనూరి కంకి లెక్కనే ఉన్నది."

"ఇంక నయం. మక్కకంకి తినొచ్చిన అని చెప్త మీవోళ్లకు," అంది సుర్రయ్యా.

స్వర్ణకే నవ్వాగలేదు. "ఎక్కువ ఫోటోలు నేనే తీసిన. తీసేటోళ్లు ఫోటోల పడరు గదనే."

"మోచెయ్యి, నీడ, చెప్పు. అన్ని అతికిస్తే సగం మనిషి గూడ గాదు."

"తతిమ్మాది బీజింగ్ల మర్చిపోయొచ్చిన."

అంతలోనే ఆమె వేలు ఆగిపోయింది. మబ్బుల్లోకి లేచిన అద్దాల మేడ ముందు అందరూ వరసగా నిలబడిన ఫోటో. దారిన పోయే చైనా పెద్దమనిషిని బతిమాలి తీయించినది. చివరన చీర మీద స్వెటర్ వేసుకుని స్వర్ణ. చేతులున్నాయి, కాళ్లున్నాయి. తల ఉండాల్సిన చోట మారుతి చేతిలోని పాండా బెలూన్ ఉంది.

సుర్రయ్యా సోఫా పట్టుకుని నవ్వింది. "తోబా తోబా! చీర కట్టుకున్న పాండా!"

స్వర్ణ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"ఇగ నేను పోత. సామాన్లు సర్దాలె," అని లేచింది సుర్రయ్యా. "ఏమనుకోకు గానీ, చూడనిదాన్ని చూసిన్నని ఎట్ల చెప్త?"

ఇంట్లోవాళ్లు లుసైల్‌కు షికారు పోవడానికి తయారై గదుల్లోంచి వస్తున్నారు. సుహాసిని చెవికి కమ్మ పెట్టుకుంటోంది. స్వర్ణ సిగ్గు పక్కన పెట్టి అడిగేసింది.

"వదినా, చైనా పోయినప్పటిది నాది ఒక్క ఫోటో గూడ లేదా?"

సుహాసిని ఆగింది. "అయ్యో, లేకపోవుడేంది? ఫైల్ల ఉండాలె, ఆగు."

లోపలికి పోయి వెతికి వెతికి ఒక కాగితం తెచ్చి స్వర్ణ చేతిలో పెట్టింది. అప్పటికే లిఫ్ట్ దగ్గర నుంచి జలంధర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు. పిల్లలు పరుగు తీశారు. రాములవ్వ గోడ పట్టుకుంటూ వాళ్ల వెనకే పోయింది.

అది చైనా వీసాకు పెట్టిన దరఖాస్తు. పైన ఫోటో ఉంది. మోచేయి కాదు, నీడ కాదు. నిండుగా, సూటిగా, రెండు చెవులూ కనబడేలా స్వర్ణ ముఖం.

"అరే, ఇది పక్కా సబూత్! రుజువంటే ఇదే!" అంది సుర్రయ్యా కాగితం లాక్కుని. "ఇగ పోయినవనే చెప్త. కోతల స్వర్ణ అన్నోళ్ల నోళ్లు మూపిస్త."

ఫోటో పక్కన వృత్తి అన్న గడిలో 'ఇంటి పనిమనిషి' అనీ, యజమాని అన్న గడిలో 'జలంధర్' అనీ ఆమె పైకి చదువుతుండగానే, "మేమొచ్చేసరికి పిల్లల బట్టలు ఇస్త్రీ చేసిపెట్టు" అంటూ సుహాసిని బయటి నుంచి తలుపు మూసింది.